స్కానర్‌లో ఇడ్లీ

మా ల్యాబ్ టెక్సాస్‌లో. రాతి లోపల నీరు, చమురు ఎలా పారతాయో లెక్కగట్టడం మా పని. పైకి గట్టిగా కనిపించే రాయిలో నిజానికి ఎన్నో చిల్లులుంటాయి. సీటీ స్కాన్ తీస్తే రాయంతా ఒకేసారి కనిపిస్తుంది గానీ మసకగా. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ సన్నసన్న చిల్లులను కూడా స్పష్టంగా చూపిస్తుంది, కాకపోతే ఆవగింజంత చోటు వరకే. ఈ రెండు రకాల బొమ్మలనూ అతికించి ఒకే నమూనా తయారుచేసే ప్రోగ్రామ్ రాశాను. మా ప్రొఫెసర్‌కు దానిమీద మహా నమ్మకం. నాకే అనుమానం. అది చెప్పింది నిజమో కాదో రాతిలోకి దూరి చూసేదెవరు?

ఆ మాటే లంచ్‌లో నా జూనియర్‌తో అన్నాను. వరంగల్ కుర్రాడు. నేను తెచ్చిన ఇడ్లీని అప్పుడే ఫోర్క్‌తో పొడుస్తున్నాడు.

"అక్కా, గిది గూడ రాయే గదా. గిదాన్నే స్కాన్ చేద్దాం. కోసి లోపలేమున్నదో చూస్కోవచ్చు."

కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఇడ్లీని కిటికీ దగ్గర ఎండబెట్టాం. టెక్సాస్ ఎండకు అది నిజంగానే రాయైపోయింది. బల్లమీద కొడితే టక్కుమంది. స్కానర్‌లో పెట్టాం, ఓ తునక విరిచి మైక్రోస్కోప్ కిందా పెట్టాం. నా ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా రెండింటినీ అతికించేసింది.

గ్రూప్ మీటింగ్‌లో ఇసుకరాళ్ల మధ్య ఆ బొమ్మనూ చూపించాను. జీవితమంతా రాళ్లతోనే గడిపిన మా ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి తెర దగ్గరకు నడిచారు.

"అద్భుతం! ఇంత చక్కటి గుండ్రటి రంధ్రాలు నేను చూడలేదు. ఎక్కడి రాయి?"

"గుంటూరు ఫార్మేషన్, ప్రొఫెసర్," అన్నాడు మావాడు తడుముకోకుండా, అదేదో పేరున్న రాతిపొర అయినట్టు. బల్ల కింద వాడి కాలు తొక్కాను.

"వయసెంత?"

"చాలా రీసెంట్ డిపాజిట్."

"శాంపిల్ ఉందా?"

ఇక తప్పక డబ్బా మూత తీశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మట్టి ఎంత సన్నదో తెలుసుకోవడానికి పంటికింద పెట్టి చూడటం పాతకాలపు జియాలజిస్టుల అలవాటు. మేం వారించేలోపే ఆయన ఓ అంచు కొరికారు. నెమ్మదిగా నమిలారు.

"ఇది బియ్యం."

నా పైప్రాణాలు పైనే పోయాయి. మావాడు చెప్పులకేసి చూస్తున్నాడు. ఆయన మాత్రం నావైపు తిరిగి, "ఇది నీళ్లు ఎంతసేపట్లో పీల్చాలంటోంది నీ ప్రోగ్రామ్?" అని అడిగారు.

"చాలాసేపు పడుతుందంటోంది."

కాఫీ రూమ్ నుంచి గిన్నె వచ్చింది. రంగునీళ్లలో వేయగానే ఇడ్లీ ఎడారిలో తప్పిపోయినవాడిలా గటగటా తాగేసింది. ముగ్గురం గిన్నెమీదికి వంగి చూశాం. తర్వాత దాన్ని అడ్డంగా కోసి బొమ్మతో పోల్చాం. మసక స్కాన్‌లో బూడిదరంగుగా ఉన్న చోట్లన్నిటినీ నా ప్రోగ్రామ్ గట్టి పదార్థమే అనుకుంది. నిజానికి అక్కడంతా కంటికి అందని చిల్లులే!

ఆ తప్పు సరిదిద్దాక ఇసుకరాళ్ల లెక్కలు కూడా ప్రయోగంలో వచ్చిన ఫలితాలకు దగ్గరగా వచ్చాయి. ప్రొఫెసర్ ఎవరినీ మెచ్చుకోలేదు. స్కానర్ తలుపుమీద మాత్రం 'తినే వస్తువులు స్కాన్ చేయరాదు' అని కాగితం అంటించారు.

తర్వాతి వారం నేను పొద్దున్నే వెళ్లేసరికి స్కానర్ అప్పటికే తిరుగుతోంది. లోపల ఓ కార్న్‌బ్రెడ్ ముక్క, ఇక్కడివాళ్ల మొక్కజొన్న రొట్టె. పక్కన మా ప్రొఫెసర్.

"మా ఆవిడ చేసింది," అన్నారు గొంతు తగ్గించి. "తలుపు వేసిరా."