కొండవాలు మీద ముప్పై గొలుసులు

1979 మే నెల మూడో వారంలో, న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొండల్లో ఉన్న ఒక పాత వ్యవసాయ ఫారానికి హద్దు సర్వే చేసి రమ్మని నన్ను పంపారు. అప్పటికి నేను రాష్ట్ర పార్కుల శాఖ సర్వే విభాగంలో కొలతల బృందానికి నాయకుణ్ణి, అంటే పార్టీ చీఫ్‌ని. పేరు విని పెద్ద హోదా అనుకోవద్దు. నా కింద ఇద్దరే మనుషులు. కోణాలు కొలిచే యంత్రం పట్టే డెన్నిస్ ఒకడు, ముందు నడిచి కర్ర నిలబెట్టే రే ఇంకొకడు. నా పైన వాల్టర్. ఆయన లైసెన్సు ఉన్న సర్వేయరు కాబట్టి పటం మీద ఆఖరి సంతకం ఆయనది. తప్పు జరిగితే లైసెన్సు పోయేది కూడా ఆయనదే.

ఆ ఫారం బానిసత్వం మీద తిరగబడి ఉరికంబం ఎక్కిన ఒక మనిషిది. ఆయన పేరు అమెరికా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. మా శాఖ కాగితాల్లో మాత్రం ‘సమాధి, ఇల్లు, కొట్టం, పొలం’ అని ఒక పట్టీ ఉండేది, అంతే. ప్రాణం పోయాక ఆయన శరీరాన్ని రైల్లోనూ పడవలోనూ చివరికి గుర్రపు బండిలోనూ మోసుకొచ్చి, ఆయన కోరిక ప్రకారం ఇంటి ముందు పెద్ద బండ పక్కనే పాతిపెట్టారు. రంగు వేయని చెక్క ఇల్లు, చిన్న కిటికీలు, చుట్టూ పచ్చిక. ఆ పచ్చికలో నిలబడితే నాలుగు వైపులా కొండలే.

మమ్మల్ని పంపడానికి కారణం ఆ సమాధి కాదు, దాని వెనక అర ఫర్లాంగు దూరంలో పొలం అంచున ఉన్న ఏడు రాళ్లు. వాటి మీద అక్షరాలు లేవు. చుట్టుపక్కల స్థిరపడిన నల్లజాతి రైతుల సమాధులవి. ఆ రోజుల్లో బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్లూ స్వేచ్ఛగా పుట్టినవాళ్లూ కొందరు ఈ చలికొండల్లో భూమి దొరికి సేద్యానికి వచ్చారు. ఈ ఫారం యజమాని వాళ్లకు ఇరుగుపొరుగుగా ఉండడానికే ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు పై కొండ భూమి కొన్న గోర్డన్ అనే పెద్దమనిషి యాత్రికుల కోసం అక్కడ చెక్క క్యాబిన్లు కట్టబోతున్నాడు. పన్నుల పటం ప్రకారం హద్దు గీత ఆ రాళ్లకు ఇవతలగా, ఫారం వైపు పోతోంది. అంటే రాళ్లు గోర్డన్ భూమిలో ఉన్నట్టు. బుల్‌డోజర్ సోమవారం వస్తుంది. మేము చేరింది బుధవారం.

మొదటిరోజే మిసెస్ బెల్ పరిచయమైంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఊళ్లో స్కూల్ టీచరుగా చేసి రిటైరైంది. మడత కుర్చీ చంకలో పెట్టుకుని పొలం గట్టు మీదికి వచ్చి కూర్చుంది. ఆ ఏడు రాళ్లలో ఒకటి వాళ్ల ముత్తాతది.

“నువ్వు ఏ దేశం వాడివి?” అని అడిగింది.

ఇండియా అన్నాను.

“అంత దూరం నుంచి మా హద్దు తేల్చడానికి వచ్చావా! నీకో సంగతి తెలుసా? ఆ బండ పక్కన పడుకున్న ఆయన కూడా సర్వేయరే. మా ముత్తాత పొలాన్ని ఆయనే స్వయంగా కొలిచి ఇచ్చాడు. చదువురాని వాళ్లని హద్దుల దగ్గర ఎవరూ మోసం చేయకూడదని.”

నాకు తెలియదు. పాఠ్యపుస్తకంలో తుపాకీ గురించీ ఉరితాడు గురించీ రాశారు గాని, ఆయన దిక్సూచి భుజాన వేసుకుని ఈ గుట్టల్లో తిరిగాడని నేను ఎక్కడా చదవలేదు. ఆ సాయంత్రం ఒక్కడినే సమాధి దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాను. గుంటూరు జిల్లాలో మా తాత పాలేరు. బతుకంతా పరాయి పొలంలో వంగిన నడుము ఆయనది. మిషన్ బడిలో మా నాన్నకి నాలుగు అక్షరాలు వచ్చాయి, ఆ పుణ్యాన నాకు రెవెన్యూ సర్వే శాఖలో ఉద్యోగం వచ్చింది. తాత దున్నిన చేల మీదే గొలుసు వేసి కొలిచాను. హద్దు తెలిసినవాడికి, తెలియనివాడికి మధ్య ఎంత తేడా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఆ రాళ్లు ఫారంలోనే ఉండాలని నా మనసు గట్టిగా కోరుకుంది. అది సర్వేయరుకి మంచిది కాదు.

రాత్రి ఫోన్లో వాల్టర్ అదే అన్నాడు. “సుందర్, నువ్వు ఎటు మొగ్గుతున్నావో నాకు అర్థమైంది. అది ఫీల్డ్ బుక్కులో కనపడకూడదు. కావాలని వెతికేవాడికి కావలసిన చోటల్లా రాయి దొరుకుతుంది.”

ఫీల్డ్ బుక్కంటే మేము కొలిచింది కొలిచినట్టు, అక్కడికక్కడే రాసే పుస్తకం. అందులో కొట్టివేతలు ఉండవచ్చు గాని రబ్బరుతో చెరపకూడదు.

ఇక అసలు పని. ఫారం దస్తావేజులో ఆ వైపు హద్దుని ‘పక్క లాటు గీత వరకు’ అని మాత్రమే రాశారు. కాబట్టి గోర్డన్ లాటు పాత దస్తావేజే మాకు ఆధారం. ఒకప్పుడు కొండ మొత్తాన్ని లాట్లుగా, అంటే భూమి ముక్కలుగా, చీల్చిన సర్వేయరు రాసింది అది. శిఖరం మీద ఉలితో శిలువ గుర్తు చెక్కిన బండ దగ్గర మొదలుపెట్టి, దక్షిణంగా ముప్పై గొలుసులు కొలిచి, ‘కర్ర చుట్టూ రాళ్ల కుప్ప’ దగ్గర ఆగినట్టు అందులో ఉంది. గొలుసంటే అరవై ఆరు అడుగులు, వంద లింకులు. ముప్పై గొలుసులంటే పంతొమ్మిది వందల ఎనభై అడుగులు. శిలువ బండ ఇంకా ఉంది. రాళ్ల కుప్పని మాత్రం ఇటీవల చూసినవాళ్లు లేరు.

గురువారం శిలువ బండ మీద యంత్రం పెట్టాం. దిక్సూచి ఉత్తరం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి ఆ తేడా సరిచేసుకుని దిక్కు పట్టాం. నల్ల ఈగలు మెడ వెనక చేరి కుడుతుంటే మూడు కొలతలు తీశాం. వాలుని తీసేసి మట్టసంగా, అంటే సమతలంగా, లెక్కకట్టిన పంతొమ్మిది వందల ఎనభై అడుగులు సరిగ్గా పన్నుల పటం గీత మీదే పడ్డాయి. ఏడు రాళ్లూ గోర్డన్ వైపే మిగిలాయి. కింద గట్టు మీద మిసెస్ బెల్ చెయ్యి ఊపుతోంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

మధ్యాహ్నం పైకి ఎక్కుతూ రే సగం దారిలో చతికిలబడ్డాడు. “బాసూ, ఇది పొలం కాదు, నిచ్చెన,” అన్నాడు ఆయాసపడుతూ.

ఆ మాటతో నాకు తూర్పు గోదావరి ఏజెన్సీలో ట్రైనింగ్ రోజులు జ్ఞాపకం వచ్చాయి. కొండ మీద గొలుసు వేసేటప్పుడు మెట్లు కట్టినట్టు కొలవాలి. అంటే గొలుసుని నేలకి ఆనించకుండా మట్టసంగా లాగి పట్టుకుని, దాని కొస నుంచి తాడుకి కట్టిన గుండు కిందికి వదిలి మేకు పాతాలి. చేతులు పీక్కుపోయే పని. ఆఫీసరు కనుమరుగు కాగానే మా గొలుసువాళ్లు హాయిగా దాన్ని వాలు మీద పరిచేసేవాళ్లు. అలా పరిస్తే గొలుసు పొడవు అంతే ఉంటుంది, మట్టసపు దూరం తగ్గిపోతుంది. మా ఇన్‌స్పెక్టరు ఆ తేడాని ఇట్టే పట్టేసి, ఆ రోజు పనంతా మళ్లీ చేయించేవాడు.

ఈ కొండని చీల్చిన పాత సర్వేయరు కూడా అలాగే పరిచి ఉంటే? ఇక్కడ నూరడుగులకు ఇరవై అడుగుల పల్లం ఉంది. లెక్క కట్టాను. ముప్పై గొలుసులకు దాదాపు ముప్పై ఎనిమిది అడుగుల తేడా వస్తోంది. హద్దు అంత మేరా పైకి, గోర్డన్ వైపుకి జరుగుతుంది. రాళ్లు ఫారంలో పడతాయి.  అయితే అది లెక్క మాత్రమే. అతను అలా పరిచాడనడానికి సాక్ష్యం నేల మీద దొరకాలి.

వాల్టర్‌కి ఫోన్ చేసి ఈ లెక్క చెప్పాను. శనివారం గొలుసుని వాలు మీదే పరిచి కొలిచి చూడమన్నాడు. ఇరుపక్షాలూ ఎదురుగా ఉండాలనీ, గోర్డన్ రాకుండా మట్టి తవ్వకూడదనీ షరతు పెట్టాడు.

ఇంటికి ఆ వారాంతం రాలేనని చెప్పాలి. నా భార్య సుగుణ ఆల్బనీలో నర్సు. విషయం విని, “శనివారం కూడా డ్యూటీయా? సరే, నాకూ ఆఫ్ ఉంది, నేనే డ్రైవ్ చేసుకుని వస్తాను. మోటెల్ ఇంకో రోజుకి ఎక్స్‌టెండ్ చేయండి. ఎంతమంది ఉంటారక్కడ?” అంది.

“ఆరుగురం. ఎందుకూ?”

“పులిహోర కలపొద్దూ మరి!”

శనివారం ఎండ కాసింది. మిసెస్ బెల్ చేతికర్రతో, కుర్చీతో, సుగుణ డబ్బాలతో, గోర్డన్ అనుమానంతో వచ్చారు. స్టీలు టేపు మీద అరవై ఆరు అడుగుల దగ్గర ఎర్రగుడ్డ కట్టాం. అదే మా గొలుసు. శిలువ బండ దగ్గర మొదలుపెట్టి, గుట్ట ఎలా ఉంటే అలా నేల మీదే పరుచుకుంటూ దిగాం. ప్రతి గొలుసుకీ డెన్నిస్ ఒక మేకు పాతి గట్టిగా అంకె చెప్పేవాడు. ఇరవై దాటేసరికి గట్టు మీద నుంచి మిసెస్ బెల్ కూడా అతనితో గొంతు కలిపి లెక్కపెట్టసాగింది. సుగుణ ఆమెతో కలిసింది. ముప్పయ్యో మేకు ఏడు రాళ్లకి పైన, నాచు పట్టిన ముళ్లపొదల్లో పడింది. అక్కడ ఏమీ లేదు.

ఇనుప ఊచతో చుట్టూ గుచ్చి చూడడం మొదలుపెట్టాం. ఆ కొండ నేలలో ఎక్కడ గుచ్చినా రాయే. చివరికి మేకుకి నాలుగు అడుగుల అవతల రే ఊచ ఒకదాని పక్కన ఒకటిగా, గుండ్రంగా రాళ్లకు తగిలింది. ఆకుల మట్టి తీశాం. బల్లపరుపు రాళ్లు పేర్చి ఉన్నాయి. నడుమ నల్లటి మట్టి, పిడికెడు మందాన, కర్ర కుళ్లిన చోటు.

“రాళ్లు కుప్పపడి ఉంటే హద్దు అయిపోతుందా? ఇక్కడ రైతులందరూ రాళ్లు ఏరి పోసినవాళ్లే,” అన్నాడు గోర్డన్. న్యాయమైన మాటే.

రాళ్లు ఒక్కొక్కటీ ఎత్తి కింద చూశాను. బొగ్గులు. గుప్పెడు బొగ్గులు. బొగ్గు కుళ్లదు కాబట్టి పాత సర్వేయర్లు హద్దు రాయి కింద దాన్ని రహస్యంగా పాతేవాళ్లు. మన దగ్గరా ఆ అలవాటు ఉండేది.

గోర్డన్ ఒక ముక్క తీసుకుని అరచేతిలో నలిపాడు. “ఎప్పుడో అడవి తగలబడి ఉండొచ్చుగా?”

అలా తగలబడితే బొగ్గు చుట్టుపక్కలా ఉండాలి. నాలుగు దిక్కులా నాలుగు గుంతలు మనం ఇద్దరం కలిసి తవ్వుదామన్నాను. అతను కోటు విప్పి పార అందుకున్నాడు. మూడు గుంతలు అతనే తవ్వాడు. ఎందులోనూ నలుసంత బొగ్గు లేదు. నాలుగోదీ ఖాళీగానే తేలాక పార మీద చెయ్యి ఆనించి నిలబడి, హఠాత్తుగా నవ్వేశాడు.

“సరే, ఒప్పుకున్నాను. క్యాబిన్లు ఇంకొంచెం పైకి జరుపుతాను. సమాధుల మీద పడుకోవడానికి వచ్చే టూరిస్టులు నాకెలాగూ దొరకరు.” తర్వాత గొంతు తగ్గించి, “నిజం చెప్పాలంటే నాకూ బరువు దిగింది,” అన్నాడు.

మిసెస్ బెల్ చేతికర్ర కింద పెట్టేసి చప్పట్లు కొట్టింది. నా చెయ్యి పట్టుకుని గీత ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రెండుసార్లు దాటింది.

“పటంలో ఆ గీత చూసినప్పటి నుంచీ, ఎవరేమంటారో అని చెట్లచాటుగా వచ్చి పూలు పెట్టి పోతున్నాను. ఇవాళ మాత్రం ముందు గేటులోంచి వెళ్తాను.”

అన్నట్టుగానే రోడ్డు వరకూ నడిచి వెళ్లి, ముందు గేటు తీయించుకుని, సుగుణ చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. మొదట పెద్ద బండ పక్కనున్న సమాధి దగ్గర ఆగింది. అక్కడ ఇద్దరూ ఏదో మాట్లాడుకుని పకపకా నవ్వారు. తర్వాత ఏడు రాళ్ల దగ్గరికి వచ్చి, ఒక్కో రాయి ముందూ కాసేపు నిలబడింది. ఆ తర్వాత పచ్చిక మీద దుప్పటి పరిచి అందరం భోజనానికి కూర్చున్నాం. గోర్డన్ పులిహోరలో ఎండుమిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంటే, రే వంగి వంగి నవ్వాడు. మిసెస్ బెల్ రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఏం నవ్వుకున్నారని దారిలో సుగుణని అడిగాను.

“‘మీ ఆయన ఇంట్లో కూడా ఇలాగే ప్రతిదీ కొలుస్తాడా?’ అని అడిగిందండీ,” అంది.

“నువ్వేం చెప్పావు?”

“బియ్యం మాత్రం కొలవడం రాదని చెప్పాను.”

వాల్టర్ సోమవారం స్వయంగా వచ్చాడు. మేకులన్నీ మళ్లీ కొలిపించాడు. గుంతలు చూసి, బొగ్గుని ఒక సీసాలో వేయించి, సాక్షులుగా గోర్డన్, మిసెస్ బెల్ ఇద్దరి చేతా సంతకాలు చేయించాడు. గురువారం నేను మట్టసంగా తీసిన కొలత కూడా నివేదికలో ఉంచాడు. మనకి అనుకూలం కాని లెక్కని దాచకూడదన్నది ఆయన నియమం. కొత్త పటం మీద సంతకం చేసి కలం మూత పెడుతూ, “బాగుంది,” అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ, కొండ నేల మీద పాత హద్దు వెతికే ప్రతిచోటా, మట్టసపు లెక్కనీ వాలు లెక్కనీ రెండింటినీ నా పార్టీ చేత వేయించాను. సర్వేయరు పని కొత్త హద్దు పుట్టించడం కాదు, ముందు నడిచినవాడి అడుగులు పట్టుకోవడం. అతను శ్రమపడి సరిగ్గా కొలిచి ఉంటే సరిగ్గా నడవాలి. బద్ధకించి గొలుసు నేల మీద పరిచి ఉంటే మనమూ అలాగే పరిచి నడవాలి. అతను తప్పుగా కొలిచినా, రాయి పాతిన చోటే హద్దు.