అమ్మకు నచ్చే నవల

మా అమ్మ గద్వాలలో చీరలు నేసేది. చదువుకున్నది ఏడో తరగతి వరకే. అయినా మా వీధిలో ఎవరికైనా చదువుకోవడానికి కథల పుస్తకం కావాలంటే మా ఇంటికే వచ్చేవారు. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళను ఆమె వారం వారం కత్తిరించి, వరుసగా పేర్చి, చీరల్లో మిగిలిన పట్టుపోగులతో కుట్టి పుస్తకాలు చేసేది. అవన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక, మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే ముందు, ఒక అరగంట అమ్మ ఎవరికీ దొరికేది కాదు. పిలిస్తే, "ఊరికి పోయిన బిడ్డా, వస్త" అనేది తల ఎత్తకుండా. అది ఏ ఊరన్నది ఆ రోజు చేతిలో ఉన్న పుస్తకాన్ని బట్టి ఉండేది.

డిగ్రీ చదివే రోజుల్లో ఆ పుస్తకాలంటే నాకు చిన్నచూపు ఉండేది. ఒకసారి కాలేజీ స్నేహితురాలు ఇంటికొస్తే ఆ పెట్టెను కాలితో మంచం కిందికి నెట్టాను. అమ్మ చూసింది. తర్వాత నేను వనపర్తిలో లెక్కల టీచర్నయ్యాను. పెళ్ళి, పిల్లలు, పరీక్ష పేపర్లు. నవల అనే మాటే నా బతుకులోంచి జారిపోయింది.

మూడేళ్ళ కింద, ఎండాకాలం మొదట్లో, అమ్మ మగ్గం గుంటలోంచి లేస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నా ఇంటికి దగ్గరని వనపర్తిలోనే దవాఖానలో చేర్పించాం. షుగరు ఎక్కువగా ఉంది, అది తగ్గేదాకా ఆపరేషన్ కుదరదన్నారు డాక్టర్లు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఎన్ని రోజులో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. నలభై ఏళ్ళు పోగుల మధ్య ఆడిన చేతులు దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. ఒంటిపూట బడులు కావడంతో నేను మధ్యాహ్నానికల్లా వెళ్ళి, పొద్దున్నుంచి అమ్మకు తోడున్న చిన్నమ్మను ఇంటికి పంపేదాన్ని. నేను ఏ వేళకు వెళ్ళినా అమ్మ ముఖం గోడవైపే ఉండేది.

ఫోన్లో సీరియల్ పెట్టి చేతికిచ్చాను. కాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఫోన్ల బొమ్మలు ఉరుకుతుంటయి. వాటెంట నేను ఉరకలేను. నాకొక మంచి నవల తే బిడ్డా. ఈ మంచం మీదికెల్లి నన్ను జర తీస్కపోవాలె."

అదెంత పని అనుకున్నాను. సాయంత్రమే బస్టాండు దగ్గర పుస్తకాల బండికి వెళ్ళాను. పోటీ పరీక్షల పుస్తకాలు, వంటల పుస్తకాలు, జీవితంలో ఎలా పైకి రావాలో చెప్పే పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా ఒక అపరాధ పరిశోధన నవల దొరికింది. అమ్మ ఒక్కరోజులో ముగించి నా ఒళ్ళో పడేసింది.

"ముగ్గురు సచ్చిండ్రు. ఒక్కలు గూడ కడుపునిండ అన్నం తిన్లే. గిదేం ఇల్లు?"

రెండోసారి మా బడిలో తెలుగు సార్‌ను అడిగాను. ఆయన ఎంతో ఇష్టంగా తన సొంత పుస్తకం తెచ్చిచ్చాడు. మెట్టపొలాలు, ఎండిన బోర్లు, ఊరు విడిచిపోయే రైతులు. అమ్మ సగం చదివి మూసేసింది.

"బాగ రాసిండు. నిజమే రాసిండు. గాని బోరు ఎండిన బాధ ఈడ ఎవలికి తెల్వదు? ఇది ఇప్పుడు గాదు. నేను లేసి నడిసినంక చదువుత."

నాకు విసుగొచ్చింది. "మరి మంచి నవల అంటే నీ లెక్కల ఏందో నువ్వే చెప్పమ్మా" అన్నాను.

ఆమె, ఏ రంగు పక్కన ఏ రంగు వెయ్యాలో చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "కష్టం ఉండాలె. కష్టం లేకుంటె అబద్ధమనిపిస్తది. గాని కష్టపడేటోల్ల పక్కన ఇంకొకలు ఉండాలె. ఇల్లుండాలె, ఆ ఇంట్ల పొయ్యి యాడుందో నాకు తెల్వాలె. జర నవ్వులాటుండాలె. అయిపోయినంక వాండ్లను ఇడిచి రావాల్నంటె నాకు మనసొప్పొద్దు."

మందుల చీటీ వెనక అవన్నీ రాసుకున్నాను. మరునాడు ఊళ్ళో పాత గ్రంథాలయానికి వెళ్ళి, అక్కడి పెద్దాయన ముందు నిలబడి ఆ చీటీ చదివాను. చదువుతుంటే నాకే సిగ్గనిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని అడిగాడు.

"మీ అమ్మ ఏం పని చేస్తది మేడమ్?"

"గద్వాల చీరలు నేస్తది సార్."

"అట్లయితే తొందరపడే పుస్తకం పనికిరాదు" అని వెనక గదిలోకి వెళ్ళాడు. ఇనుప బీరువా తలుపు కిర్రుమంది. చాలాసేపటికి లావుపాటి నవల ఒకటి దుమ్ము దులుపుకుంటూ తెచ్చాడు. అట్ట లేదు. పేరూ లేదు, రాసినవాళ్ళెవరో తెలియదు. మొదటి పేజీలు కూడా ఊడిపోయాయి. "ఏదో రైలు జంక్షన్ ఉన్న ఊర్ల పూటకూళ్ళ ఇల్లు నడిపే ఇద్దరు తోడికోడళ్ళ కత. తీస్కపోండి. నచ్చకుంటె రేపు తెచ్చియ్యుండ్రి" అన్నాడు.

మరునాడు తిరిగి ఇవ్వాల్సిన అవసరం రాలేదు. మొదటిరోజు అమ్మ పెదవులు కదలడం చూశాను. రెండోరోజు నేను వార్డులోకి అడుగుపెట్టేసరికి ఆమె నవ్వుతోంది. నవ్వితే తుంటి నొప్పి పుడుతోంది, అయినా పుస్తకం కడుపు మీద బోర్లించి నవ్వుతోంది. ముఖం గోడవైపు లేదు.

పక్క మంచంలో కోడేరు దగ్గరి రైతు ఇంటి ఆమె ఉండేది. పశువుల మేతకు వేసిన పల్లికట్టె కుప్ప మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. చదువు రాదు. ఆమెకు కోపమొచ్చింది.

"ఒక్కదానివే నవ్వుకుంటవేందక్కా? మాకు జెప్పరాదా?"

అమ్మ పుస్తకం ఎత్తి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నేను స్టూలు మీద కూర్చుని నారింజ వలుస్తూ విన్నాను. వింటూ వింటూ వలవడం ఆపేశాను. పుస్తకంలో మనుషులు ఎక్కడో గోదావరి వైపు మాట్లాడేలా మాట్లాడతారు. అమ్మ కళ్ళు ఆ అక్షరాల మీదే ఉన్నాయి, నోట్లోంచి మాత్రం మా గద్వాల మాటలు వస్తున్నాయి. ఎక్కడా తడబాటు లేదు. ఆ పూటకూళ్ళ ఇల్లు మా వీధి చివర ఉన్నట్టుంది. పెద్ద తోడికోడలు వానలో తడుస్తూ, ఇత్తడి గుండిగ ఒకటి చంకనెత్తుకుని రైలు దిగడం, స్టేషన్‌లో ఎవరూ లేకపోవడం, కూలీ ఒకడు గొడుగు పట్టడంతో కథ మొదలైంది. కోడేరు ఆమె అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ సాయంత్రం అమ్మ కునుకు తీస్తుంటే ఆ మొదలును మళ్ళీ చదువుదామని పుస్తకం తెరిచాను. రైలు లేదు, వాన లేదు, గుండిగ లేదు. పుస్తకం తొమ్మిదో పేజీలో, ఒక వాక్యం నడుమ నుంచి మొదలవుతోంది. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"అమ్మా, ఆ రైలు దిగింది యాడుంది గిండ్ల?"

"లేదు. నేనే కలిపిన."

"ఎందుకు?"

"మొదలు లేకుంటె ఆమెకు ఎట్ల తెలుస్తది వీండ్లెవలో? రెండువందల పేజీల కాడ పెద్దామె ఒక్కమాట అంటది, వానల తడుసుకుంట ఈ ఊర్ల దిగిన అని. ఆ పోగు పట్టుకొని ఎనక్కి నేసిన. తప్పయిందా?"

"తప్పు కాలేదమ్మా" అన్నాను. ఈమె పుస్తకాల పెట్టెనా నేను కాలితో నెట్టింది అనుకున్నాను. ఆమె చేతిమీద చెయ్యి వేశాను. ఆమెకు అదేమీ పట్టలేదు, నారింజ తొనలు ఏవని అడిగింది.

తర్వాతి వారంలో అది వార్డు మొత్తానికి అలవాటైంది. మూడు గంటలయ్యేసరికి నడవగలిగినవాళ్ళు అమ్మ మంచం చుట్టూ చేరేవారు. నడవలేనివాళ్ళు "గట్టిగ చదువమ్మా" అని అరిచేవారు. మొదట్లో నర్సమ్మ కేకలేసింది. రెండో రోజు తలుపు దగ్గర నిలబడి విన్నది. మూడో రోజు, "చిన్నామె మొగడు తిరిగొస్తడా అమ్మా? నాకొక్కదానికే చెప్పు, నాకు రేపు సెలవు" అని అమ్మ చెవిలో అడిగింది. అమ్మ చెప్పలేదు.

కోడేరు ఆమెను ఇంటికి పంపే రోజు వచ్చింది. భర్త ఆటో తీసుకుని మూడుంబావుకు వచ్చాడు. ఆమె కదల్లేదు.

"పోదాం పా. ఆటోవాడు ఒర్లుతుండు" అన్నాడు ఆయన.

"ఒర్లనీ. పూటకూళ్ళింటికి తాళమేసిండ్రు ఈడ. అది తీసినంకనే వస్త."

"ఎవలింటికి తాళమేసిండ్రే?" ఆయన నిజంగానే కంగారుపడ్డాడు.

అందరూ నవ్వారు. ఆయన ఏం చేయాలో తోచక మందుల సంచి పక్కన పెట్టి నేలమీద కూర్చున్నాడు. అమ్మ చదువుతూ పోయింది. బయట హారన్ రెండుసార్లు మోగింది. తర్వాత ఆటో డ్రైవర్ లోపలికి వచ్చాడు. తిట్టడానికే వచ్చినట్టున్నాడు, కానీ తలుపు దగ్గరే ఆగిపోయాడు. అధ్యాయం అయ్యేసరికి నాలుగు దాటింది. కోడేరు రైతు లేచి, తువ్వాలు దులిపి, మా అమ్మకు చేతులు జోడించాడు.

"వదినె, మంచిగ చెప్పినవ్. గాని మిగిలింది ఎట్ల? ఇది ఇంటికొచ్చి నన్ను బతకనియ్యదు."

"ఫోన్ల చదువుత. మూడు గంటలకు ఫోన్ జెయ్యుండ్రి" అంది అమ్మ.

ఆ మాట ఊరికే అనలేదు. షుగరు తగ్గింది, ఆపరేషన్ అయింది, బాగానే జరిగింది. రెండురోజులు మాత్రం ఫోన్ ఎత్తలేకపోయింది. మూడో రోజు, ఇంకా గొంతు పీలగా ఉండగానే, పుస్తకం నన్ను పట్టుకోమని తాను చదివింది. తర్వాత నా ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద, ఆ నవలను చివరివరకూ ఫోన్లో కోడేరు ఆమెకు వినిపించింది. అవతల స్పీకర్ పెట్టేవారు. కోళ్ళ అరుపులు, ఎవరివో దగ్గులు, "సప్పుడు చెయ్యకుండ్రి" అనే అదిలింపులు వినిపించేవి. ఆఖరి పేజీ అయ్యాక అటునుంచి కోడేరు ఆమె గొంతు వినిపించింది.

"అయిపాయెనా అక్కా?"

"అయిపాయె చెల్లె."

"వాండ్లు బాగనే ఉన్నరు గదా?"

"బాగున్నరు."

"ఇంకోటి ఉన్నదా?"

ఆ ఇంకోటి వెతకడం నా పని అయింది. ఆ మందుల చీటీ పర్సులో పెట్టుకుని తిరిగాను. గ్రంథాలయం పెద్దాయన బీరువాను పైనుంచి కిందికి జల్లెడ పట్టాను. కొత్తకోటలో పాత కాగితాలు కొనే కొట్టు ముందు చీర కొంగు నడుముకు చెక్కుకుని గుట్టలో చేతులు పెట్టి వెతికాను. ఒక లారీ డ్రైవర్ నన్ను చూసి, "ఏం పోగొట్టుకున్నవ్ మేడమ్?" అని జాలిపడ్డాడు. నాగర్‌కర్నూల్‌లో చనిపోయిన ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో పుస్తకాలు తీసేస్తున్నారని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. ఆయన భార్య గది తలుపు తెరిచి, "ఇష్టమున్నయి తీస్కపో తల్లీ, చదివేటోల్లకే పోవాలె" అంది. రెండు సంచులు మోసుకొచ్చాను.

ఏదీ నేను చదవకుండా అమ్మకు ఇచ్చేదాన్ని కాదు. చీటీలో రాసుకున్నవి ఉన్నాయా లేదా అని చూసే పరీక్షలాగే అది మొదలైంది. ఆ ఏడాదే నన్ను నాగర్‌కర్నూల్ వైపు దూరపు బడికి బదిలీ చేశారు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. కొత్త బడి, కొత్త చిరాకులు. కొన్నిరోజులు బస్సులో కిటికీకి తల ఆనించి ఊరికే కూర్చుని, ఇలా ఇంకెన్నేళ్ళు అనుకునేదాన్ని. నవల చేతిలోకి వచ్చాక ఆ గంటంపావు ప్రయాణం నాది అయింది. ఎవరిదో వంటింట్లో కూర్చునేదాన్ని, ఎవరి పెళ్ళిచూపులకో వెళ్ళి వచ్చేదాన్ని. బస్సు దిగేసరికి చిరాకులు అలాగే ఉండేవి, కానీ వాటి దగ్గరికి నేను కాస్త విశ్రాంతి తీసుకుని వెళ్ళేదాన్ని. ఒకరోజు నేను దిగాల్సిన స్టేజీ దాటిపోయి రెండు ఊళ్ళ అవతల దిగాను. ఆ మాట చెబితే అమ్మ ఎంత సంబరపడిందో! "ఇగ నీకు నవల చదువుడొచ్చింది" అంది. ఎమ్మెస్సీ పట్టా వచ్చిన రోజు కూడా ఆమె అంత సంతోషపడ్డట్టు నాకు గుర్తులేదు.

కర్ర పట్టుకుని నడవగలిగాక అమ్మ గద్వాల వెళ్ళిపోయింది. గుంట మగ్గంలో కూర్చోవడం ఇక కుదరదు. కుర్చీలో కూర్చుని కండెలకు దారం చుడుతుంది, నేసేవాళ్ళ తప్పులు పడుతుంది, చదువుతుంది. పోయిన వేసవిలో ఎక్స్‌రే చూపించడానికి మళ్ళీ వనపర్తి దవాఖానకు తీసుకెళ్ళాను. ఆ నర్సమ్మ అడిగితే అంతకుముందే పదకొండు నవలలు ఆ వార్డుకు పంపాం. పదకొండూ అమ్మ స్వయంగా ఏరినవి. కిటికీ కింద చెక్క బల్ల మీద వరుసగా ఉన్నాయి. అట్టలు నలిగిపోయాయి.

నర్సమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని వార్డు మధ్యకు నడిపించింది. "ఈ పుస్తకాలన్ని ఏరి పంపింది ఈ అమ్మనే" అని చెప్పింది. అందరూ తలలు తిప్పి చూశారు. చేతికి పట్టీ వేసుకున్న, అయిజ నుంచి వచ్చిన ఒకామె మాత్రం ఒక నవల ఎత్తి చూపించింది.

"ఇది నువ్వే పంపినవా అమ్మా? నాకు నచ్చలే. ఆ పెద్దకొడుకును అట్ల ఊకె మాఫ్ చేసుడేంది?"

అమ్మ ముఖం వెలిగిపోయింది. చేతికర్ర మంచానికి ఆనించి, ఆమె పక్కన మెల్లగా కూర్చుంది.

"ఊకె చెయ్యలే. నువ్వు ఆ పెండ్లి కాడ సరిగ చదువలే. ఇటియ్యి, సూపిస్త."

ఇద్దరూ ఆ పుస్తకం మీదికి వంగారు. చుట్టూ ఉన్న మంచాల మీది ఆడవాళ్ళు, చదివినవాళ్ళూ విన్నవాళ్ళూ, ఒక్కొక్కరే మాట కలిపారు. సగం మంది అమ్మ వైపు, సగం మంది అయిజ ఆమె వైపు. ఎక్స్‌రే కవరు చేతిలో పట్టుకుని నేను ఆ గొడవ అంతా నిలబడి విన్నాను.