చాచా ఏరి ఇచ్చిన ఉలులు

పోయిన శుక్రవారం పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి పక్కింటి చాచీ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఎప్పుడూ "బేటీ" అని పిలిచే మనిషి. చీపురు అక్కడే పడేసి పరుగెత్తాను.

"మీ చాచా లేస్తలేడు. నువ్వు పిలిసి సూడు, నీ మాటయితే ఇంటడు" అంది.

పిలిచాను. చెవి దగ్గరికి వంగి "చాచా, చాచా" అని గట్టిగా పిలిచాను. చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే చల్లబడిపోయింది. నాకు ఉలి పట్టడం నేర్పిన మా పక్కింటి చాచా ఇక లేరు. ఆ మాట ఇట్లా రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు. రాయడం నాకు అలవాటు లేని పని. అయినా ఆయన గురించి నాలుగు మాటలు ఎవరికైనా చెప్పుకోకపోతే నా గుండె తట్టుకునేట్టు లేదు.

బోధన్‌లో మా గల్లీకి ఆయనే పాత వడ్రంగి. వయసులో ఉన్నప్పుడు చెరుకు తోలే ఎడ్లబండ్లు చేసేవారట. ట్రాక్టర్లు వచ్చాక తలుపులు, మంచాలు చేశారు. తలుపులు కూడా దుకాణాల్లో తయారుగా దొరకడం మొదలయ్యాక విరిగినవి బాగుచేస్తూ వచ్చారు. ఇంటి ముందు రేకుల కిందే పని. మా రెండిళ్లకూ ఒకటే గోడ. చెక్క నున్నగా చేసే ఆయన రందా చప్పుడు మాకూ, నా దగ్గు ఆయనకూ వినపడేవి.

నాది బీడీల పని. ఎడపల్లి నుంచి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చాట ఒళ్లో పెట్టుకునే ఉన్నాను. మా ఆయన లారీలకు చెరుకు ఎత్తేవాడు. ఒకరోజు లోడు మీది నుంచి జారి పడ్డాడు. నడుము విరిగింది. కాళ్లు ఇక పనిచెయ్యవన్నారు డాక్టర్లు. ఆ తర్వాత కొన్నాళ్లకే నాకు ఊపిరాడకపోవడం మొదలైంది. తంబాకు దుమ్ము పడదు, బీడీలు మానెయ్యమన్నారు. మానేస్తే తినేదెట్లా? మానకపోతే బతికేదెట్లా? దగ్గీ దగ్గీ కళ్లు తిరిగితే గోడకు ఆనుకునేదాన్ని. మంచం మీద నుంచి మా ఆయన చూసేవాడు. చూసి, మొహం అటు తిప్పుకునేవాడు.

ఒకనాడు అన్నాడు: "ఇంత ఏదన్న మందియ్యే. నా పానం పోతది, నీకు బరువు తప్పుతది."

కోపంతో కాదు, మంచినీళ్లు అడిగినట్టే అడిగాడు. నేను లేచి బయటికొచ్చాను. ఎక్కడికి పోవాలో తెలియలేదు. కాళ్లు చాచా రేకుల కింద ఆగాయి.

"నీ పని నాకు నేర్పు చాచా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు.

ఆయన రందా ఆపారు. "గీ పనిల ఏమున్నది బేటీ? నా కొడుకే ఒద్దని హైదరాబాద్ పోయిండు. నాకే పని దొరుకుతలేదు."

"ఏమున్నా లేకున్నా మంచిదే. నాకు ఇంకో తొవ్వ లేదు."

రందాలో ఇరుక్కున్న చెక్కపొట్టు వేలితో తీస్తూ, "నీ దగ్గు దినాం ఇంటున్న" అన్నారు చివరికి. "రేపు నిజామాబాద్ పోదాం. నీకు ఉలులు తెచ్చుకుందాం."

బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, ఆయన ఒక్కరికే టికెట్. "ముసలోళ్లకు గూడ పెడితే ఏం పోయె" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంట్లో ఉన్న డబ్బంతా కొంగున ముడేసుకొని వచ్చాను. ఈ పని కూడా చేతకాకపోతే మా ఇంట్లో మిగిలేది ఆ మందు మాట ఒక్కటే.

పనిముట్ల దుకాణంలో సేటు ఒక డబ్బా తెరిచి పెట్టాడు. ఎర్రటి ప్లాస్టిక్ పిడులు, తళతళలాడే ఉలులు, చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా. నా కళ్లు దాని మీదే నిలిచిపోయాయి. అది కొనుక్కుంటే చాలు, పని దానంతటదే వచ్చేస్తుందనిపించింది. చాచా ఆ డబ్బాను మెల్లగా పక్కకు జరిపారు.

"అన్నుంటే అన్నిటిని సాన పట్టాలె బేటీ. మొదలు ఒక్కదాన్ని పట్టుడు నేర్సుకో. విడిగ ఉన్నయి తియ్యి సేటూ."

సేటు విడి ఉలులు కుప్పగా పోశాడు. చాచా ఒక్కోటి తీసి, వీపు వైపు అద్దం బల్ల మీద ఆనించి, చెంప బల్లకు తాకేంత వంగి చూశారు. ఇనుముకూ అద్దానికీ మధ్య వెలుతురు దూరితే ఆ ఉలి పక్కకు పోయింది. పిడీ ఇనుమూ ఒక్క గీతలో లేకపోతే అదీ పక్కకే.

"ఏం చాచా, పెండ్లిపిల్లను సూస్తున్నవా?" అన్నాడు సేటు విసుగ్గా.

"పెండ్లిపిల్లను గిట్ల సూడొద్దు సేటూ. ఉలిని గిట్లనే సూడాలె."

చివరికి మూడు మిగిలాయి. అర ఇంచుది రోజూ పనికి, పావు ఇంచుది సన్నటి బెజ్జాలకు, ఇంచుది చెక్కను సాపు చెయ్యడానికి. వాటిని కూడా అట్లా కొననివ్వలేదు. కళ్లు మూసుకొని పట్టుకోమన్నారు. అర ఇంచు ఉలి పిడి నా పిడికిట్లో ఇమడలేదు. అది వెనక్కిచ్చి, సన్నపాటి కట్టె పిడి ఉన్నదాన్ని మళ్లీ వెతికారు.

"నా చేతులకు బలం లేదు చాచా" అన్నాను.

"బలం నాకు గూడ లేదు. నీ వేళ్లు ఇన్నేండ్లు బీడీలకు దారం సుట్టినయి. సన్నపని వాటికెరుకే."

కొత్త ఉలితో వెంటనే చెక్క కొట్టొచ్చనుకున్నాను. ఆయన సానరాయి ముందు కూర్చోబెట్టారు. కొత్తదానికి పదును ఉండదట, మనమే పెట్టాలట. నీళ్లు చల్లడం, రుద్దడం. బొటనవేలి గోరు మీద ఆనించి చూసేవారు. జారితే పదును చాలలేదని తల అడ్డంగా ఊపి మళ్లీ నా చేతికే ఇచ్చేవారు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు గోకుతున్నాను, ఇక్కడ రాయి మీద ఇనుము గోకుతున్నాను. ఒక మధ్యాహ్నం ఇక ఓర్చుకోలేక ఏడ్చేశాను.

"నేను ఏదన్న చేసి అమ్ముకోవాలె చాచా. గిట్ల రాయి ముంగట కూసుంటే మేమేం తినాలె?"

చాచీ వచ్చి నా ఒళ్లో రొట్టెలు పెట్టి పోయింది. చాచా నా పక్కనే నేల మీద కూర్చున్నారు. "మొండి ఉలి నెత్తురు తాగుతది బేటీ. తెగకుంటే జోరుగ నూకుతవు. గప్పుడు జారుతది. నీ చెయ్యి గూడ పోతే గా ఇంట్ల ఎవరున్నరు?" అన్నారు.

ఆ సాయంత్రం నాతో మా ఇంట్లోకి వచ్చారు. మంచం పట్టె మీద కూర్చుని, మా ఆయన వీపు పొడవును ఒక పుల్లతో కొలుచుకున్నారు. మా ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"పండుకొని సూస్తే దునియా అంత దూలాలే కనపడతయి బేటా. కూసుంటే గల్లీ కనపడతది. నీ పెండ్లాం నీకు ఆనుకునే పలక చేస్తది."

అదే నా మొదటి పని. వేప చట్రం, నాలుగు మూలలకు నాలుగు బెజ్జాలు. మొదటి బెజ్జం అంచు పెచ్చు లేచిపోయింది. రెండోది వంకర పోయింది. ఆయన ఒక్కసారి కూడా ఉలి నా చేతిలోంచి తీసుకోలేదు. "ఒకటేసారి తినకు, జర జర కొరుకు" అనేవారు, అంతే. పలక తయారైన రోజు మేమిద్దరం చెరో పక్కా పట్టి మా ఆయన్ని లేపి ఆనించాం. చాలాసేపు కిటికీలోంచి గల్లీని చూస్తూ ఉండిపోయాడు. పిల్లలు సైకిలు తొక్కుతున్నారు, ఎవరో పాలు పోయించుకుంటున్నారు.

"చాయ్ పెట్టు" అన్నాడు మా ఆయన. "చాచాకు గూడ."

మందు మాట మళ్లీ ఎత్తలేదు.

కష్టాలు తీరిపోయాయని చెప్పలేను. గడియ బిగించడానికి, విరిగిన పీట అతకడానికి పిలుస్తారు. కొన్నాళ్లు ఎవరూ పిలవరు. పిలవని రోజుల్లో చాట మళ్లీ ఒళ్లోకి వస్తుంది, దగ్గూ వస్తుంది. అయినా చాచా ఉన్నారన్న ధైర్యం ఉండేది. ఈ ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ మాటా పోయాయి. రోజూ ఉలి తీసుకుపోయి ఎడమ చేతికిచ్చేదాన్ని. గోరు మీద ఆనించుకొని తల ఊపేవారు. ఒకరోజు ఉలి వెంటనే తిరిగి ఇవ్వలేదు. పిడి పట్టుకొని నా మొహంలోకి చూస్తూ ఏదో చెప్పాలని చాలా ప్రయత్నించారు. నాకు అర్థం కాలేదు. ఏం చెప్పారో ఇప్పుడు ఎవరిని అడగను? తలుపు చట్రం నిలబెట్టడం నాకింకా రాదు. రంపం పళ్లకు పదును ఎట్లా పెట్టాలో రాదు. తప్పు చేస్తే చూసి తల ఊపే మనిషి లేరు.

శుక్రవారం జుమా నమాజు కాగానే మసీదు నుంచి శవాన్ని మోసే చెక్క డోలా తెచ్చి వాకిట్లో దించారు. దించగానే ఒక కాలు పక్కకు ఒరిగింది. బెజ్జం వదులైపోయింది. ఒకాయన తాడు తెమ్మన్నాడు. ఇంకొకాయన మేకు కొడదామన్నాడు.

"మేకు కొడితే పాత కట్టె పలుగుతది" అన్నాను. "నేను చేస్త."

"నువ్వెందుకమ్మా, మేం సూసుకుంటం" అన్నాడు ఒక పెద్దమనిషి.

పరదా వెనక నుంచి చాచీ గొంతు వినిపించింది. "గామె ఆయన శాగిర్దు. చెయ్యనియ్యిండ్రి."

ఆయన నన్నెప్పుడూ శిష్యురాలని అనలేదు. ఇంట్లో చాచీతో అట్లా చెప్పుకునేవారని ఆ రోజే తెలిసింది. డోలా పక్కన కూర్చుని, వదులైన బెజ్జంలో వేలు పెట్టి చూశాను. కాసేపటికి ఇంటికి పోయి అర ఇంచు ఉలీ, ఒక టేకు ముక్కా తెచ్చుకున్నాను. కళ్లు నీళ్లతో మసకబారి ఏమీ కనపడలేదు. వేళ్లతో తడుముకుంటూనే ఆ ముక్కను సన్నటి చీలికగా చెక్కాను. బెజ్జంలో దూర్చి, సుత్తితో మెల్లగా కొట్టి, పైకి మిగిలింది కోసేశాను. పెద్దమనిషి కాలు పట్టుకొని ఊపి చూశాడు. కదల్లేదు. పక్కకు జరిగాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు ముందు భుజం పట్టాడు. ఆడవాళ్లం వాకిలి దగ్గరే ఆగిపోయాం. డోలా కట్టె ఎన్నో చేతులు పడి నల్లగా నిగనిగలాడుతోంది. ఆ నలుపులో నేను దూర్చిన టేకు చీలిక ఒక్కటే లేత పసుపుగా ఉంది. భుజాలు మారుతున్నాయి, మనుషులు అడ్డం వస్తున్నారు, ఆ పసుపు గీత కనపడుతోంది, మాయమవుతోంది, మళ్లీ కనపడుతోంది. గల్లీ మలుపు దాకా చూస్తూనే ఉన్నాను.