మార్తవ్వ పిల్లలు అబద్ధమాడరు

ఆ ఊళ్ళో ఎవరింట్లోనైనా కోడిగుడ్లు కనబడకపోతే పోలీసు పటేలు దగ్గరికి పోయేవాళ్ళు కాదు, మార్తమ్మ దగ్గరికి పోయేవాళ్ళు. ఆదివారం దాకా ఓపిక పడితే చాలు, దొంగ తనంతట తానే లేచి నిలబడి ఒప్పుకునేవాడు.

దేవరుప్పులకు కూతవేటు దూరంలో ఉన్న చిన్న ఊరది. ఊరి చివర వాడలో ఒక ప్రార్థన గుడిసె, అందులో వాక్యం చెప్పే మనిషి మార్తమ్మ. జనగామ మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుంది. మొగుడు పోయాక ఆ నాలుగక్షరాలే ఆమెకు కూడు పెట్టాయి. వాడంతా ఆమెను మార్తవ్వ అనేది. ఆదివారం పొద్దున పెద్దల ఆరాధన అయిపోగానే, పొద్దు వాలేలోపు పెద్దపిల్లల కూటం నడిపేది. మీసం మొలవని మగపిల్లలు, అప్పుడప్పుడే ఓణీ వేసిన ఆడపిల్లలు. చిన్నపిల్లల్లో కూర్చోబెడితే వాళ్ళకు నామోషీ, పెద్దల్లో కూర్చోబెడితే నిద్ర. ఆ వయసు వాళ్ళను పట్టడం కన్నా కోతులను కాయడం సులువని గుడి పెద్దలు చేతులెత్తేస్తే, మార్తవ్వ కొంగు బిగించింది.

ఆమె పద్ధతి ఒక్కటే. పాటకు ముందు ప్రతి పిల్లా లేచి ఆ వారం చేసిన తప్పు గొంతెత్తి చెప్పుకోవాలి. చెప్పుకుంటే తిట్టు లేదు, దెబ్బ లేదు. అబద్ధమాడిన వాళ్ళు మాత్రం ఆ వారం పాట పాడకూడదు, నోరు మూసుకుని కంజీర కొట్టాలి. పాట కోసం ప్రాణమిచ్చే పిల్లలకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. యోసేపు అనే కుర్రాడికైతే ఒప్పుకోవడమే పండుగ. “పటేలు చేనుల మక్కకంకులు తెంపిన, మా అవ్వ బువ్వల ఉమ్మేసిన, నిన్ను ముసల్దాన్నన్న” అంటూ ఏకరువు పెట్టేవాడు. చివరికి ఊళ్ళో మాట కూడా పుట్టింది, మార్తవ్వ పిల్లలు అబద్ధమాడరని. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు లోపల ఎంత గర్వమో. అది కూడా తప్పేనని తెలుసు గాని, తను లేచి చెప్పుకోవాలన్న నియమం పెట్టుకోలేదు.

తరవాత ఊళ్ళోకి కమ్యూనిస్టుల సంఘం వచ్చింది. దొరకు వెట్టి బందయింది. చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాల్సిన పని లేదని వాడ మగవాళ్ళు మొదటిసారి నిటారుగా నడిచారు. రజాకార్లు వచ్చి ఇళ్ళు తగలబెట్టారు. ఆ వెనక యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు. బాగుందనుకునేలోపు ఆ మిలిటరీయే సంఘం పిల్లలను వెతకడం మొదలుపెట్టింది. పారిపోయిన దొర దాని వెనకే కోట లాంటి తన గడీకి తిరిగొచ్చాడు. ఏలేవాళ్ళకు లోబడి ఉండాలని జనగామ మిషను అయ్యగారు చెప్పి పంపారు. లోబడదామంటే మార్తవ్వకు ఏలేది ఎవరో అంతుబట్టలేదు. నిన్నటి దాకా నిజాం, ఇవాళ ఎవరో దిల్లీ వాళ్ళు, మధ్యలో రాత్రయితే గుట్టమీద దాక్కున్న సంఘం పిల్లలు. వాళ్ళలో ఒకడు వాడలో చెప్పులు కుట్టే ఓదెలు కొడుకు కిషన్. తన కూటంలోనే కంజీర కొట్టిన పిల్లాడు.

ఒక ఆదివారం కిషన్ చెల్లెలు మణెమ్మ లేచింది. పద్నాలుగేళ్ళ పిల్ల, మాట తక్కువ.

“మేకలకు ఆకు తెస్తనని మా అవ్వకు చెప్పి, గుట్టకు పోయి మా అన్నకు జొన్న గటుక ఇచ్చొచ్చిన. ఆకు తేలే. గది అబద్ధం.”

మార్తవ్వ గబగబా వాకిట్లోకి తొంగి చూసింది. ఎవరూ లేరు, ఒక కోడి తప్ప. ఇన్నేళ్ళూ పిల్లల చేత నిజం చెప్పించి మురిసిపోయిన మనిషికి, ఆ నిజమే ఒకరి మెడకు తాడవుతుందని ఆ క్షణం దాకా తట్టలేదు.

“ఇప్పటిసంది తప్పులు బైటికి చెప్పుడు లేదు. మనసులనే చెప్పుకోండ్రి” అంది.

“మనసుల చెప్తే దేవునికి ఇనవడుతదా అవ్వ?” అన్నాడు యోసేపు.

“ఇనవడుతది.”

“మరి గిన్నేండ్లు బైటికెందుకు చెప్పిచ్చినవ్?”

ఆమె పాటల పుస్తకం తెరిచింది. “పాట అందుకోండ్రి” అంది.

కొన్నాళ్ళకే, కూటం జరుగుతుండగా, పోలీసు పటేలు ఒక సుబేదారును, సిపాయిలను వెంటబెట్టుకుని గుడిసె ముందుకొచ్చాడు. పటేలు వాళ్ళకు ఉర్దూలో ఏదో చెప్పి, పిల్లల వైపు తిరిగి నవ్వాడు.

“ఈ పోరగాండ్లు అబద్ధమాడరని సాబ్‌కు చెప్పిన. ఓదెలు బిడ్డె ఏది? మణెమ్మ, నువ్వు లే. మీ అన్న ఏడున్నడు?”

మణెమ్మ లేచింది. పటేలు వైపు చూడలేదు, మార్తవ్వ వైపు చూసింది. అవ్వా, ఏం చెప్పమంటావని ఆ చూపు అడిగింది. మార్తవ్వ తల దించుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అంత పెద్ద భారం పసిదాని మీద వదిలేసి తను చాప వైపు చూస్తూ కూర్చుంది.

“బొంబయి పోయిండు. మిల్లుల పని దొరికిందట” అంది మణెమ్మ.

సుబేదారు మార్తవ్వను చూసి ఏదో అడిగాడు. పటేలు తెలుగులో చెప్పాడు. “పిల్ల చెప్పింది నిజమేనా అంటుండు సాబ్.”

“మా పిల్లలు అబద్ధమాడరు దొరా” అంది మార్తవ్వ.

వాళ్ళు వెళ్ళిపోయారు. పాట మొదలైంది. మణెమ్మ పాడలేదు, నియమం ప్రకారం కంజీర అందుకుంది. మార్తవ్వ కూడా పాడలేదు. యోసేపు ఒక్కడే ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తూ, పాటను మధ్యలో వదిలేయలేక చివరి దాకా లాగాడు.

బతుకమ్మ పండుగ వెళ్ళాక జనగామ నుంచి కబురొచ్చింది. ఆశీర్వాదం అయ్యగారు మిలిటరీ వాళ్ళ పర్మిట్ తీసుకుని వస్తున్నారు, ఈడొచ్చిన పిల్లలకు వాగులో బాప్తిస్మం ఇస్తారు. ఓదెలు కూతురికి తెల్లచీర అడిగి తెచ్చాడు. బాప్తిస్మం రోజు పొద్దున, అది కట్టుకోకుండా చేత పట్టుకునే మణెమ్మ మార్తవ్వ ఇంటికొచ్చింది.

“నేను మునుగనవ్వ.”

“ఏమైందే?”

“పాపాలన్నిటికి పశ్చాత్తాప పడ్డవా అని అడుగుతరు కద. సాబ్‌కు అబద్ధం చెప్పినందుకు నాకు బాధైతలేదు. మా అన్న బతికిండని సంబురమైతంది. రేపు మల్ల అడిగినా గట్లనే చెప్త. మరి ఎట్ల మునుగాలె?”

మార్తవ్వ తెల్లచీర అందుకుని మడత విప్పింది. అబద్ధం పాపం, అందులో సందేహం లేదు. కానీ నిజం చెప్పి ఉంటే కిషన్‌ను గుట్ట కిందనే కాల్చేవాళ్ళు. అది పుణ్యమా? పిల్లకు బాధ కలిగేట్టు చెయ్యమని దేవుణ్ణి అడుగుదామంటే, ఆమెకే ఆ ప్రార్థన నోటికి రాలేదు. అయ్యగారిని అడుగుదామా? ఆయన మంచివాడే, కానీ ఆయన జేబులో పర్మిట్ ఉంది. అడిగిన మాట ఎక్కడి దాకా పోతుందో తెలియదు. పోనీ పిల్లను ఈసారికి ఆపేద్దామంటే, ఓదెలు బిడ్డ ఎందుకు మునగలేదని పటేలు అడగక మానడు. ఎటు తిరిగినా మళ్ళీ ఆ గుట్ట దగ్గరికే వస్తోంది.

చివరికి మెల్లగా అంది. “పడ్డ అని చెప్పరాదే బిడ్డ. జర ఒక్క మాటనే కద.”

మణెమ్మ ఆమె వైపు వింతగా చూసింది. “దేవునికి కూడ అబద్ధం చెప్పాల్నా అవ్వ?”

మార్తవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. పిల్లకు తెల్లచీర కట్టి, కుచ్చిళ్ళు సర్ది, చెయ్యి పట్టి వాగుకు నడిపించింది. అక్కడ ఏం జరుగుతుందో ఆమెకూ తెలియదు.

వాగు ఒడ్డున వాడంతా ఉంది. కాస్త ఎడంగా పటేలు, ఇద్దరు సిపాయిలు తుమ్మచెట్టు నీడన నిలబడ్డారు. యోసేపు మునిగాడు, లేచాడు, ముక్కులో నీళ్ళు పోయి తుమ్మాడు. తరవాత మణెమ్మ నడుము లోతు నీళ్ళలోకి దిగింది. అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

“నీ పాపాలన్నీ ఒప్పుకుని, వాటికి పశ్చాత్తాపపడ్డావా?”

“పడ్డ అయ్యగారు. ఒక్కటి తప్ప.”

తుమ్మచెట్టు కింద పటేలు మెడ సాచాడు.

“ఒక్కటేమిటమ్మా?” అన్నారు అయ్యగారు.

మార్తవ్వ అప్పటికే నీళ్ళలో ఉంది. ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు. చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంటుంటే తూలుకుంటూ వచ్చి పిల్ల పక్కన నిలబడింది.

“ఆ ఒక్కటి నాది అయ్యగారు. నేనే దాన్ని పిల్ల మీద వడేసిన. నాది నేను మోసుకుంట. దీన్ని ముంచుండ్రి.”

ఆశీర్వాదం అయ్యగారు ఆమెను చూశారు. తలెత్తి తుమ్మచెట్టు వైపు చూశారు. జనగామ నుంచి అంత దూరం వచ్చిన మనిషి, ఇంకొక్క ప్రశ్న అడగడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. మణెమ్మను నీళ్ళలో ముంచి లేపారు.

ఒడ్డెక్కాక వాడంతా పాట అందుకుంది. మణెమ్మ జుట్టు పిండుకుంటూ మార్తవ్వ పక్కకు చేరింది. ఇద్దరూ చలికి వణుకుతున్నారు.

“అవ్వ, నా పాపం నువ్వు తీసుకుంటివి. మరి నువ్వన్న బాధపడ్తున్నవా?”

మార్తవ్వ కళ్ళు మూసుకుని తనలో చాలాసేపు వెతికింది. భయం దొరికింది, సిగ్గు దొరికింది. గుట్టమీద కిషన్ గటుక తింటున్నట్టు కనబడింది.

“చూస్తున్న బిడ్డ” అంది. “బాధ ఇంకా రాలే.”