నలభై అడుగుల దిష్టిబొమ్మ

కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందు మా నాయన ఒక బోర్డు పెట్టించాడు. నాయన మేస్త్రీ. కాగితం ముట్టకుండా, నేలమీద పుల్లతో గీసి ఇళ్లు కట్టేవాడు. ఆ బోర్డు మీద అరవంలో నా పేరు, నా డిగ్రీ, వాటికింద 'ఇచ్చట ఇంటి ప్లాన్లు గీసి ఇవ్వబడును' అని పచ్చరంగుతో రాయించాడు. చిక్కేమిటంటే నాకు డిగ్రీ ఇంకా రాలేదు. ఆర్కిటెక్చర్ చివరి ఏడాది ప్రాజెక్టులో ఫెయిలయ్యాను. కబురు తెలిసిన రోజున నాయన నిచ్చెన వేసుకొని, డిగ్రీ ఉన్న భాగం మీద గోనెపట్టా కప్పి మేకులు కొట్టాడు. వీధిలో పోయేవాళ్లు ముందు ఆ గోనెను చూసి, తర్వాత నన్ను చూసేవాళ్లు. ఆరునెలల్లో ఇంకొక్క అవకాశం ఉంది. ఆ గోనె దిగడం తప్ప నాకు లోకంలో మరో కోరిక లేకుండా పోయింది.

ఫెయిల్ చేయడం న్యాయమే, అది ఒప్పుకుంటాను. విరుదునగర్‌లో ఎండుమిరప అంగడికి కొత్త భవనం, అదీ నా ప్రాజెక్టు. చుట్టూ అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, నడుమ ఫౌంటెన్ కూడా వేశాను.

"మిరపకాయ ఎప్పుడైనా చూశావామ్మా?" అని అడిగాడు పరీక్షకు వచ్చిన పెద్దాయన.

"చూశాను సార్."

"ఎక్కడ?"

"తాలింపులో."

పరీక్షలో నిజం చెప్పకూడదని ఆ రోజే తెలిసింది.

రెండోసారి బుద్ధిగా టేపు పట్టుకొని విరుదునగర్ బస్సెక్కాను. నా చేతిలో టేపు చూడగానే అంగడి సగం ఖాళీ అయింది. వీధి వెడల్పు చేయడానికి కొలతలు తీసే సర్కారు మనిషిననుకున్నారు. ఒక వ్యాపారి తన అరుగు నిండా మూటలు పేర్పించి, ఇక్కడ అరుగే లేదన్నాడు. ఇంకొకాయన మర్యాదగా టీ తెప్పించి, నేను తాగినంతసేపూ టేపు తన ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కొత్త భవనంలో మీకేం కావాలని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. ఏమీ వద్దు, నువ్వు బయల్దేరితే చాలు. పైగా ఆ ఘాటుకు ఊపిరాడని తుమ్ములు. నా నోటుబుక్కులో గోడ ఎక్కడెక్కడ వంకరపోయిందో అక్కడల్లా నేను తుమ్మానన్నమాట.

మూడోరోజు ఏమరుపాటున కన్ను నలుపుకున్నాను. "అయ్యో అవ్వా!" అని కేక పెట్టాను. బయట రోజంతా అరవమే మాట్లాడినా నొప్పి మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే బయటికొస్తుంది. మిరపకాయల తొడిమలు తీస్తూ వరసగా కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒకామె లేచి పరుగున వచ్చింది.

"రుద్దొద్దే పాపా, రుద్దొద్దు! మొగం ఎత్తు," అని తన తాగే నీళ్ల చెంబు నా కంట్లో కుమ్మరించింది. "మనోళ్ల పిల్లవా నువ్వు? ఏ ఊరు?"

"కోవిల్‌పట్టి. నీకు తాగే నీళ్లు లేకుండా చేసేస్తినే."

"పోనీలే. పంపు వీధి కొనలో ఉండాది. పోయి వచ్చేలోపల నా మూట ఇంకోదానికి ఇచ్చేస్తారు, అందుకే లేసేది లేదు."

కన్ను కాస్త తెరిపిన పడ్డాక ఆమెకు నా భవనం సంగతి చెప్పి, నీకేం కావాలని అడిగాను. అంగడి మొత్తంలో ఆమె ఒక్కతే ఆలోచించింది. ఎర్రబడిన చేతులు తిప్పి చూసుకుంది.

"చేతులు కడుక్కునేదానికి ఒక తొట్టి కట్టు. ఇంటికి పోతానే బిడ్డ ఎత్తుకోమని ఏడుస్తా వస్తాది. నేను చేతులు ఎనక్కి పెట్టుకొని నిలబడతాను. ఈ చేతులతో ఎట్ల తాకేది?"

ఇంటికొచ్చి పాత కాగితాలన్నీ చించేశాను. ఈసారి తొట్టిని ముందు గీసి, దాని చుట్టూ భవనం కట్టాను. గాలి ఆడేందుకు ఎత్తయిన రేకుల కప్పు, తొడిమలు తీసేవాళ్లకు నీడ, ఏ మూల కూర్చున్నా పది అడుగుల్లో నీళ్లు. అట్టతో నమూనా చేశాను. స్తంభాలకు మందు ముంచని అగ్గిపుల్లలు వాడాను, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలున్న మా ఊళ్లో వాటికేం కరువు. తొట్టికి నీలం మెరుపు కాగితం అంటించాను. నా చేతులతో చేసిన వాటిలో నాకు మనసారా నచ్చింది ఆ తొట్టి ఒక్కటే.

పరీక్షనాటి పొద్దున స్నానం చేసి వచ్చేసరికి నా భవనం కప్పు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. దూది కూరిన ఒళ్లు, మా తమ్ముడి పాత ఖాకీ నిక్కరు గుడ్డతో ప్యాంటు, బొగ్గు మీసాలు, బయటికి వేలాడే ఎర్ర నాలుక. పక్కన మా అవ్వ సూదిలో మిగిలిన దారం కొరుకుతోంది.

"అవ్వా! ఏమి ఇది?"

"దిష్టిబొమ్మ. కట్టడం లేస్తా ఉండేటప్పుడు బొమ్మ కట్టకుండా ఉంటారా? పోయినసారి కట్టకనే కదా పెయిలయితివి."

"ఇది నిజం కట్టడం కాదవ్వా, అట్ట!"

"అట్ట అయితే కన్ను పడదా?"

దిక్కుతోచక నాయన వంక చూశాను. బొమ్మ కట్టందే గోడ పైకి లేపని మనిషి ఆయన. వంగి, అన్ని వైపుల నుంచీ చూశాడు. "అవ్వ చెప్పేది సెరే," అన్నాడు. "కొంచెం ఓరగా కట్టుండచ్చు. నడుమన కట్టితే కప్పుకు బరువు."

పీకేద్దామని చూశాను. అవ్వ గోనెసంచి కుట్టే దారంతో కప్పునుంచి కింది పలకదాకా కుట్టేసింది. లాగితే నాలుగు అగ్గిపుల్లలు విరిగేలా ఉన్నాయి. ఇంకో సంగతి దాచడమెందుకు, తీసేస్తే మళ్లీ ఫెయిలవుతానేమోనని నాకూ లోపల భయంగానే ఉంది. అలాగే ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాను. దారి పొడుగునా జనం వంగి చూసి, బొమ్మ కట్టారు, మంచిపని అని మెచ్చుకున్నారు. అది ఏ భవనమని ఒక్కరూ అడగలేదు.

పరీక్షలో ముగ్గురు కూర్చున్నారు. నడుమ అదే పెద్దాయన. నమూనా చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి స్కేలు తీసి బొమ్మ పక్కన నిలబెట్టాడు.

"పన్నెండు సెంటీమీటర్లు. నమూనా నూటికి ఒకటి. అంటే పన్నెండు మీటర్లు. నలభై అడుగులన్నమాట. ఎవరమ్మా ఇతను?"

మా అవ్వ కుట్టిందని చెబుదామనుకున్నాను. తాలింపు గుర్తొచ్చింది. "కాపలా, సార్," అన్నాను.

"లోపల ఏముంది?"

"నీళ్ల ట్యాంకు."

ముగ్గురూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. మీసాల మీద గాలి తోపుడు లెక్కగట్టావా అని ఒకాయన అడిగాడు. నాలుకను పొర్లునీళ్ల గొట్టంగా వాడొచ్చు కదా అని ఇంకొకాయన సలహా ఇచ్చాడు.

"ఆ నీళ్లు కింద ఈ తొట్టిలోకి వస్తాయి సార్, తొడిమలు తీసే ఆడవాళ్లు చేతులు..."

"ఉండమ్మా. ట్యాంకు కడగడానికి మనిషి ఎక్కడినుంచి ఎక్కుతాడు? కాల్లోంచా, వీపులోంచా?"

"వీపులోంచి సార్. ఈ తొట్టి ఎందుకంటే..."

"కాల్లోంచి అయితే మేలు," అన్నాడు రెండో ఆయన. దానిమీద వాళ్లలో వాళ్లకే వాదన పడింది. ముప్పావుగంట సాగింది. మూడోసారి తొట్టి మాట ఎత్తేసరికి టీ వచ్చింది. చివరికి పెద్దాయన లేచి, స్థానిక సంస్కృతిని ఇంత ధైర్యంగా వాడినవాళ్లను తన సర్వీసులో చూడలేదని, బొమ్మను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చవద్దని చెప్పి నన్ను పాస్ చేశాడు.

వీధి మలుపులో నా ముఖం చూడగానే నాయన నిచ్చెన తెచ్చాడు. మేకులు పీకి గోనె దించాడు. బోర్డు తక్కిన భాగమంతా ఎండకు వెలిసిపోయింది, డిగ్రీ ఒక్కటి నిన్న రాసినట్టు పచ్చగా ఉంది. ఆయన నిచ్చెన మీదనుంచే ఆ అక్షరాలకంటిన గోనె పీచు తువ్వాలుతో తుడిచాడు.

"ఏమి అడిగినారే?" అంది అవ్వ.

"అంతా బొమ్మ గురించేనవ్వా. కట్టడాన్ని ఎవురూ చూడనే లేదు."

అవ్వ ముఖం వెలిగిపోయింది. "మరి? కట్టడం మీద కన్ను పడకూడదనే కదా బొమ్మ కట్టేది!"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపూ వచ్చింది. పాసైన సంతోషమనుకొని అవ్వ నా తల నిమిరింది.

కొన్నేళ్ల తర్వాత పనిమీద విరుదునగర్ పోయినప్పుడు చూశాను, పంపు ఇంకా ఆ వీధి కొనలోనే ఉంది. నా నమూనా ఇంకా మా అటక మీదుంది. అగ్గిపుల్లలు వంగిపోయాయి, బొమ్మ మీసం చెరిగిపోయింది. నీలం కాగితం తొట్టి మాత్రం చెక్కుచెదరలేదు. దానిమీద ఇంతవరకు ఎవరి కన్నూ పడలేదు.