తెల్లగుడ్డకి ఆగిన బండి

మా చెరువు పక్క స్టేషన్ గురించి చెబితే వినేవాళ్లు ముచ్చటపడతారు. చుట్టూ కొండలు, ఎదురుగా నీళ్లు, మధ్యలో చిన్న స్టేషను. ఆ ముచ్చట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నీళ్ల కింద మా తాత పొలం ఉంది. స్టేషను కట్టింది కూడా మా కోసం కాదు, ఇనుపరాయి మోసే గూడ్సులు ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడానికి. విశాఖపట్నం వైపు దిగే ప్యాసింజరు ఒక్కటి మధ్యాహ్నం వచ్చేది. దాన్ని నమ్ముకుని బతికాం.

మా ఊరు చెరువుకి అవతలి ఒడ్డున. రోడ్డు లేదు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కర్రకి దుప్పటి కట్టి, ఆ డోలీలో మోసుకుంటూ ఒడ్డు చుట్టి స్టేషనుకి చేరాలి. డోలీ ముందు ఒకరు వెదురుకి తెల్ల పంచె కట్టి ఊపుతూ నడిచేవారు. నీళ్ల మీదుగా స్టేషన్ మాస్టరు అది చూసి, మేం చేరేదాకా సిగ్నల్ ఇచ్చేవాడు కాదు. ఎదర గూడ్సు వస్తోందని డ్రైవరుకి అబద్ధం చెప్పేవాడు. ఆ తరవాత మమ్మల్ని తిట్టేవాడు.

“బేగి రండర్రా! బండి మా బాబు సొత్తనుకున్నారేటి?”

తొంభైలలో, నా చిన్నతనమంతా, అలాగే జరిగింది. బదిలీ మీద వెళ్లే మాస్టరు కొత్తగా వచ్చిన మాస్టరుకి తెల్లగుడ్డ సంగతి చెప్పి మరీ వెళ్లేవాడు.

రెండువేలు దాటిన కొన్నేళ్లకి గూడ్సులకి అక్కడ ఆగే పని లేకుండా పోయింది. మాస్టరునీ, జెండా ఊపే మనిషినీ తీసేశారు. గదులకి తాళాలు పడ్డాయి. ప్యాసింజరు మాత్రం ఒక్క నిమిషం ఆగి పోయేది.

ఆ ఏడే మా అప్పకి, అంటే అక్కకి, నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. సంత రోజు కాబట్టి కొండ మీదికి పాడేరు జీపు వచ్చి ఉంది. అటు పోదామన్నాను.

“డోలీతో ఆ కొండెక్కేసరికి పొద్దు పోద్ది,” అన్నాడు అయ్య. “టేసనుకి పోదుం.”

“టేసన్ల ఎవులూ నేరు గదయ్యా!”

“మాస్టరు నేకపోతే డైవరు నేడేటి? గుడ్డ సూత్తే ఆపుతాడు. ఏనాడైనా ఆపకుండ పోనాదేటి?”

పోలేదు, నిజమే. ఇన్నేళ్లూ గుడ్డకి ఆగింది బండేనని మా ఊరంతా అనుకుంది. మా కోసం ఆపింది ఆ తిట్టే మనిషని ఎవరికీ తట్టలేదు.

బావ, చిన్నాన్న డోలీ ఎత్తారు. అయ్య ముందు నడిచాడు. చెరువు మలుపు తిరుగుతుండగా బండి స్టేషన్లోకి వచ్చింది. మాకింకా చాలా దారి ఉంది. అయ్య రెండు చేతులా వెదురు పట్టుకుని ఊపాడు, గొంతు చించుకుని అరిచాడు. బండి కూతవేసి కదిలింది. ఒడ్డు వెంబడి మా ఎదురుగానే వచ్చింది. అరకు చూసి తిరిగిపోతున్న టూరిస్టులు కిటికీల్లో కిక్కిరిసి ఉన్నారు. అయ్య ఊపుతున్న గుడ్డ చూసి వాళ్లు నవ్వుతూ చేతులూపారు. ఒకావిడ చంకలోని పిల్ల చేయి పట్టుకుని ఊపించింది.

డోలీలోంచి అప్ప అడిగింది. “ఆగినాదేటి, అయ్యా?”

“ఆగినాదమ్మా. నీకోసరమే ఆగినాది.”

డోలీ స్టేషనుకి చేర్చాక, తాళం వేసిన మాస్టరు గది ముందు, సిమెంటు బెంచీ మీద అప్ప పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

తరవాత ప్యాసింజరు ఆ నిమిషం ఆగడం కూడా మానేసింది. బోర్డు పీకేశారు. అయ్య చెప్పిన అబద్ధాన్ని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఆ చేతులూపిన వాళ్లనే క్షమించలేకపోతున్నాను. వాళ్లకేం తెలుసు పాపం, అంటాడు బావ. తెలీదు, నాకూ తెలుసు. అయినా ఇప్పటికీ రైలు కిటికీలోంచి ఎవరైనా చేయి ఊపితే నేను మొహం తిప్పేసుకుంటాను.