ఎలీసమ్మ చిటికెన గోరు

పొద్దున్నే పలాసలో పాసింజరు బండెక్కి ఆమదాలవలసలో దిగే ఆడవాళ్ళలో శాంతిని ఎరగనివాళ్ళు లేరు. ఎలా ఎరక్కుండా ఉంటారు, ఆమె బ్యాగులోంచి ఒక చెయ్యి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది మరి! గోళ్ళు అతికించడం సాధన చేసుకునే ప్లాస్టిక్ చెయ్యి అది. మొదటిరోజు దాన్ని చూసిన ఒక ముసలమ్మ కెవ్వుమని అరిచి, వంకాయల గంప అక్కడే వదిలేసి తలుపు దాకా పరిగెత్తింది. ఇప్పుడు ఆ ముసలమ్మే, "ఒలే గోళ్ళమ్మాయ్, ఇలగొచ్చి కూకో" అని కిటికీ పక్కన చోటు పట్టి ఉంచుతుంది. శాంతి అక్కడ కూర్చుని ప్లాస్టిక్ వేళ్ళ గోళ్ళను అరగదీస్తూ ఉంటే పూండి పోతుంది, నౌపడా పోతుంది, తిలారు కూడా పోతుంది. తలెత్తితే ఒళ్ళంతా తెల్లటి పొడి.

శాంతికి ఇరవై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో ఆరువారాలు ఈ పని నేర్చుకుంది. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో అనూరాధ అనే ఆవిడ నడిపే బ్యూటీ పార్లర్‌లో ఓ మూల కుర్చీ, బల్ల సంపాదించుకుంది. ఊళ్ళో అలాంటి పని అదే మొదలు. కనుబొమలు దిద్దించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ మూలకి వచ్చి వింతగా చూసి, ఒక్కొక్కరే చేతులు చాపడం మొదలుపెట్టారు.

శాంతిని ఈ కుర్చీ దాకా పంపింది ఎలీసమ్మ, ఆమె తల్లి. ముప్ఫయ్యేళ్ళుగా కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. జీడిపిక్క పెంకులో నల్లటి రసం ఉంటుంది. తగిలితే చర్మం కాలుతుంది, మచ్చ పోదు. ఎలీసమ్మ వేళ్ళ చివరలు ఎప్పుడో నల్లబడిపోయాయి. నలుగురిలోకి వెళ్తే, చర్చిలో రొట్టె అందుకునేటప్పుడు తప్ప ఆమె చేతులు కొంగులోంచి బయటికి రావు. భర్త పోయాక కూతురిని కూడా ఏడేళ్ళు ఆ ఫ్యాక్టరీ షెడ్డుకే తీసుకెళ్ళాల్సి వచ్చింది. అందుకే శాంతి విశాఖ వెళ్తానన్నప్పుడు ఒక్కమాట ఎదురు చెప్పలేదు.

"నా సేతులు నల్లబడ్డాయి, సాలు. నీయి కూడా నల్లబడితే నేను సూడ్నేను. నువ్వు మల్లీ ఆ షెడ్డులో కూకోకూడదు, అంతే" అంది.

పార్లర్‌లో మొదటిరోజు తానే వచ్చి, ప్రార్థన చేసి, బల్ల మీద చిన్న కొబ్బరినూనె సీసా పెట్టి వెళ్ళింది. కూతురి బల్ల మీద తానిచ్చిన వస్తువంటూ ఒక్కటైనా ఉండొద్దూ మరి!

ఇక కష్టాలు వినండి. గోళ్ళు పెట్టిన రోజు చూస్తే ముచ్చటేసేది. నాలుగో రోజుకి అంచు లేచేది. వారం తిరిగేసరికి ఊడి చేతికొచ్చేది. ఒకావిడ గోరు బస్సు కమ్మీకి తగిలి ఎగిరిపోయింది. ఒక టీచరమ్మ గోరైతే గృహప్రవేశం భోజనాల్లో పెరుగన్నంలో తేలింది. అది తేలింది కూడా ఆవిడ విస్తట్లో కాదు, ఆవిడ పెరుగన్నం వడ్డించిన పెద్దాయన విస్తట్లో. ఆయన దాన్ని జీడిపప్పు అనుకుని కొరికాడట. ఆ కబురు స్టేషన్ రోడ్డంతా పాకింది.

శాంతికి ఏడుపొచ్చింది. విశాఖలో తాను పెట్టిన గోళ్ళు నెల్లాళ్ళు కదల్లేదే! అక్కడ నిలిచింది ఇక్కడెందుకు నిలవదు? ముందు నీళ్ళ మీద అనుమానపడింది. ఆమదాలవలస నీళ్ళు పడటం లేదనుకుని మినరల్ వాటర్ డబ్బా మోసింది. తర్వాత గోరు ముద్ద కలిపే పౌడర్ మీద అనుమానపడి కొత్తది తెప్పించింది. ఆ తర్వాత తన చేతిపని మీదే అనుమానం వచ్చింది. గోరు తయారుచేసే ముద్ద పల్చగా ఉంటే చర్మం మీదికి పారుతుంది, గట్టిగా ఉంటే బెల్లం కలవని సున్నుండల పిండిలా రాలిపోతుంది. బ్రష్షు ఎంత తడపాలి, ముద్ద ఎంత ఉండాలి, గోరు మొదట్లో చర్మానికి తగలకుండా ఎంత ఎడం వదలాలి అని రాత్రనకా పగలనకా ఆ ప్లాస్టిక్ చేతి మీద సాధన చేసింది.

"ఒలే, ఆ సచ్చినోడి సెయ్యి తీసి పెట్టెలో పెట్టవే. నీల్లకి లేత్తే గుండాగిపోతన్నాది నాకు" అని ఎలీసమ్మ నెత్తీనోరూ బాదుకునేది.

నిజం చెప్పొద్దూ, పని మాత్రం నున్నగా తయారైంది. వంపు బాగా కుదిరింది, అంచు తీరుగా వచ్చింది. అయినా నాలుగో రోజుకి అదే తంతు.

చివరికి అనూరాధ పిలిచింది. మంచి మనిషే, కానీ నలుగురి నోళ్ళలో నానుతున్నది ఆవిడ పార్లర్.

"ఇదిగో శాంతీ, దాపరికం లేకుండా చెప్తున్నాను. సచివాలయంలో పనిచేసే మన యమునకి ఈ నెలాఖరున పెళ్ళి. నీచేతే గోళ్ళు పెట్టించుకుంటానంటోంది, దాని ధైర్యం దానిది. పెళ్ళి నుంచి పదహార్రోజుల పండగ దాకా ఆ పదీ నిలబడాలి. నిలిచాయా, కుర్చీ నీది. ఊడాయా, ఇంక నేను మొయ్యలేనమ్మా. ఆ చోటులో వేరే అమ్మాయిని పెట్టుకుంటాను."

కుర్చీ పోతే ఎక్కడికి పోతుంది శాంతి? షెడ్డుకే. ఆ సంగతి అనూరాధకి తెలియదు గానీ, శాంతికి ఆ మాట వినగానే జీడి కాలిన వాసన ముక్కుకి తగిలింది. తల్లికి చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు బండెక్కలేదు. ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి ఇంట్లో కూర్చుంది. మధ్యాహ్నం తల్లి మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. షెడ్డులో ఠకఠకా శబ్దం. కుమారి అని, ఆరోజే కొత్తగా పనిలో చేరిన ఒక ఇల్లాలు వట్టి చేతులతో పిక్క అందుకుంది. ఎలీసమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపేసింది.

"ఓలమ్మో, నూనె రాసుకోకుండా ముట్టుకుంటావేటే? సెయ్యి కాలిపోద్ది! ఇదిగో, ఇలగ ఏళ్ళకి పట్టించు. నూనె ఉంటే జీడి అంటదు. జీడేటి, జిగురు కూడా అంటదు. ఏదైనా సర్రుమని జారిపోవాల్సిందే."

శాంతి క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఏడేళ్ళు ఈ షెడ్డులో కూర్చున్న చేతులవి. పనికి ముందు నూనె రాసుకోవడం వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు. పార్లర్‌లో రోజూ చేస్తున్నది అదే కదా! బల్ల ముందు కూర్చోవడం, అమ్మ పెట్టిన సీసాలోంచి రెండు చుక్కలు పోసుకుని వేళ్ళకి పట్టించడం, అప్పుడు ఎదుటి మనిషి చెయ్యి అందుకోవడం. గోరు అరగదీసి, మందుతో శుభ్రంగా తుడిచి, ఆఖర్న పొడి పోయిందో లేదోనని బొటనవేలితో ఒకసారి నిమరడం. ఆ బొటనవేలి నిండా నూనె! విశాఖలో ఇలా ఎందుకు కాలేదంటే, అక్కడ టీచరు అందరికీ చేతితొడుగులు వేయించింది. ఇక్కడికొచ్చాక, తొడుగుంటే చేతికి పని తెలియడం లేదని శాంతే తీసేసింది. వచ్చినవాళ్ళ చేతులన్నీ శుభ్రం చేసింది గానీ, తన చేతులు చూసుకోలేదు.

"అమ్మా!" అని ఒక్క అరుపు అరిచింది. షెడ్డులో శబ్దమంతా ఆగిపోయింది.

"ఏటే? ఏటైంది? ఎవులికేటైంది?" అని ఎలీసమ్మ లేచి నిలబడింది.

శాంతి నవ్వుతోంది, ఏడుస్తోంది, మధ్యలో నీళ్ళూ పెరుగన్నమూ అని ఏదేదో చెబుతోంది. సగం అర్థమయ్యాక ఎలీసమ్మ నుదురు కొట్టుకుంది. "అయితే నీ కొంప ముంచింది నా సీసాయేటే!" అంది. పక్కన పిక్కలు కొడుతున్న కూర్మమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

పెళ్ళికి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. కారణం దొరికింది సరే, నిజమో కాదో తేలేదెలా? తేల్చుకోకుండా యమున చెయ్యి ముట్టుకోవడానికి శాంతికి గుండె చాల్లేదు. ఊళ్ళో అన్నిటికంటే మొరటు చెయ్యి ఎవరిదని ఆలోచిస్తే, ఎదురుగా అమ్మే కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"నా ఏలికా? ఎవులన్నా సూస్తే నవ్వుతారే!"

"ఒక్క చిటికెన వేలమ్మా. కుడిచేతికి."

చాలాసేపు బతిమాలించుకున్నాక ఎలీసమ్మ చెయ్యి చాపింది. "ఎరుపు మాత్రం ఒద్దు. సర్చిలో సంగం ముందు బాగోదు. ఉల్లిపొట్టు రంగుందేటి?" అని అడిగింది. అప్పటిదాకా ఇష్టం లేదన్న మనిషి రంగు ఎప్పుడు ఎంచుకుందో దేవుడికే తెలియాలి.

శాంతి రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది. ఆరబెట్టుకుని తొడుగులు వేసుకుంది. తల్లి వేలుని కూడా సబ్బుతో కడిగి, ఆ నల్లబడిన గోరు మీద మెరుపు పోయేదాకా మెల్లగా అరగదీసింది. పొడిని మెత్తటి బ్రష్షుతో దులిపింది. బొటనవేలు ఊరుకుంటుందా, నిమురుతానని ముందుకొచ్చింది. దాన్ని వెనక్కి లాక్కోవడానికి బ్రహ్మప్రళయమైంది. మందు రాసి, శనగబద్దంత ముద్ద తీసి గోరు మధ్యలో పెట్టి, మొదలు దాకా నడిపించి, చర్మానికి వెంట్రుక వాసి దూరంలో ఆపింది. ఆరాక వంపు దిద్ది, ఉల్లిపొట్టు రంగు వేసింది. అంతా అయ్యాక అప్పుడు సీసా తెరిచి, గోరు చుట్టూ చర్మానికి ఒక్క చుక్క నూనె రాసింది. నూనె ఆఖర్న రాయమని విశాఖలో చెప్పనే చెప్పారు. విన్నది, కానీ చెవికెక్కలేదు.

ఎలీసమ్మ మర్నాడు ఆ గోరుతోనే పనికి వెళ్ళింది. నాలుగో రోజు వచ్చింది. శాంతికి పొద్దున్నించీ అన్నం సహించలేదు. సాయంత్రం తల్లి గుమ్మంలో అడుగుపెట్టగానే చెయ్యి లాక్కుని చూసింది. అంచు లేవలేదు. ఎనిమిదో రోజు చూసింది, లేవలేదు. పదో రోజున కూర్మమ్మ స్వయంగా ఇంటికొచ్చి చెప్పింది: "ఊడదేటి సూద్దామని పట్టుకుని లాగీసేనమ్మా. నా ఏళ్ళు నొచ్చాయి గానీ అది కదల్నేదు!"

పదకొండో రోజు పొద్దున యమునకి పది గోళ్ళూ పెట్టింది. తొడుగులతో, దేవుణ్ణి తలుచుకుంటూ.

తర్వాత పంతొమ్మిది రోజులు శాంతి ఎలా గడిపిందో అడక్కండి. బండిలో ఎవరైనా "గోరు" అంటే ఉలిక్కిపడేది. పదహార్రోజుల పండగ ముగిసిన మర్నాడు యమున కొత్త నల్లపూసలతో పార్లర్‌లోకి వచ్చింది. వస్తూనే రెండు చేతులూ బల్ల మీద పరిచింది.

"నలుగులో పిండి రుద్దారు, తలంబ్రాలు పోశాను, అప్పగింతల్లో మా ఆడపడుచు చేతులు పట్టుకుని ఊపేసింది. బిందెలో ఉంగరం మూడుసార్లూ నేనే తీశాను. మా ఆయనేమో, గోళ్ళు పెట్టుకుని మోసం చేశావంటున్నాడు!"

అనూరాధ కళ్ళజోడు పెట్టుకుంది. ఒక్కొక్క గోరూ పట్టుకుని, లాగి, గీకి, వెలుతురులో తిప్పి చూసింది. పదీ ఉన్నాయి. కళ్ళజోడు తీసి, "బోర్డు రాసేవాడు సోమవారం వస్తాడు. నీ పేరు ఏ రంగులో రాయాలో ఆలోచించుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. శాంతి కుర్చీలో కూలబడి, ఆ ప్లాస్టిక్ చేతిని పట్టుకుని గట్టిగా ఊపేసింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన, రొట్టె పంచే రోజు. రొట్టె పళ్ళెం వరుసలోకి వచ్చింది. ఎలీసమ్మ కుడిచెయ్యి చాపి ముక్క అందుకుంది. శాంతి ఓరకంట చూస్తూనే ఉంది. ఆ చెయ్యి కొంగులోకి తిరిగి వెళ్ళలేదు. పాటల పుస్తకం మీద, అందరికీ కనిపించేలా, నల్లటి వేళ్ళ చివర ఉల్లిపొట్టు రంగు గోరుతో అలాగే ఉంది. ముందు వరుసలో ఆవిడ తిరిగి చూసినా కదల్లేదు.

ఇంటికొచ్చాక శాంతి తల్లి వేలు పట్టుకుని చూసింది. సొంత గోరు పెరిగి, మొదట్లో సన్నటి ఎడం వచ్చింది.

"దీన్ని తీసెయ్యాలమ్మా. టైమైపోయింది."

ఎలీసమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి కూతురి ముందు కూర్చుని పది వేళ్ళూ చాపింది.

"అయితే తియ్యి. తీసి పదీ పెట్టు" అంది.